గడప ఆమడ

దోర్దీ హెల్లెవిక్ కష్టపడి గెలిచిన మొదటి గెలుపు ఒక మాట. చలికాలంలో మేకల కొట్టం నుంచి ఇంటికి పాలు మోసుకొచ్చే దారిలో బిందె మీద పలచని మంచు పొర ఒకటి కడుతుంది. దానికి మా సముద్రపు పాయ ఒడ్డున ఒక పేరుంది. ఆ పేరును రాజధానిలో దేశమంతటి మాటలూ పోగుచేసే నిఘంటువు వాళ్ళు 1931లో మూడోసారికి ఒప్పుకున్నారు. అంతకుముందు రెండుసార్లు, ఆమె మాట రాసి పంపిన చీటీ తిప్పి పంపారు. మొదటిసారి, మాట ఎవరి నోట విన్నదీ రాయలేదని. రెండోసారి, "నా నోటనే" అని రాసినందుకు. వాళ్ళ నియమం గట్టిది. పంపే మనిషి తనకు తెలిసింది రాస్తే చాలదు. ఇంకొకరి నోట విని, వాళ్ళ పేరూ వయసూ ఇంటిపేరూ కింద రాయాలి. రెండో నోరు లేని చీటీ వాళ్ళ పెట్టెలోకి పోదు.

అప్పటికి దోర్దీకి నలభై ఏళ్ళు. మంచు మీద జారే స్కీలు కట్టుకుని కొండ ఎక్కి దిగి, ఎనభై ఆరేళ్ళ ఒక ముసలామె ఇంటికి వెళ్ళింది. ఆమె పాలు పితుకుతుంటే పక్కన కూర్చుంది. అడగలేదు. అడిగితే మాట ఆమె నోట్లో పెట్టినట్టవుతుందని. ఒక రోజు కాదు, మూడు రోజులు కూర్చుంది. మూడో పొద్దున ముసలామె బిందెలోకి చూసి, విసుక్కుంటూ, ఆ మాట అననే అన్నది. దోర్దీ అక్కడికక్కడే చేతి తొడుగు పళ్ళతో లాగేసి రాసుకుంది.

ఆ తరవాత ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమె పంపిన చీటీలు రెండు వేల నూట నలభై. ఒక్కటీ తిరిగి రాలేదు. పాయ పొడుగునా మాటలు పంపేవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. అందులో బడిపంతుళ్ళు ఇద్దరు, పాదిరీ ఒకరు. వాళ్ళందరివీ కుప్ప పోసినా దోర్దీ చీటీలలో సగం కావు. ఈమె చదివింది ఏడేళ్ళు, అదీ వారం మార్చి వారం బడి. చీటీలే కాదు. మేకజున్ను మూడుసార్లు జిల్లా ప్రదర్శనలో వెండి పతకం తెచ్చింది. మగడు పోయాక ఇరవై మూడు మేకలనూ, మనిషి నిలబడ్డానికే చోటు లేని కొండవాలు మీది గడ్డినీ ఒక్కచేత్తో సాకింది. పదిహేడో ఏట, పెద్దవాళ్ళు పడవ దించడానికి జంకుతున్న గాలిలో, తెడ్లు పట్టి పాయ దాటి మంత్రసానిని తెచ్చింది. ఆనాడు పుట్టినవాడే అన్ఫిన్. ఇప్పుడు బుధ, శనివారాల్లో టపా పడవ నడిపేది వాడే.

ఇన్ని చేసిన మనిషికి ఒక్క పని మాత్రం చేతకాలేదు. హెల్లెవిక్ ఇంటి వాకిట్లో నిలబడితే పాయకు అవతల ఒడ్డున స్కోర్ ఇల్లు కనిపిస్తుంది. పొగ లేస్తే పొయ్యి వెలిగించారని తెలుస్తుంది. బట్టలు ఆరేస్తే ఎవరివో కూడా తెలుస్తుంది. ఆ ఇంటికి ఇల్లరికం వెళ్ళినవాడు ఆమె తమ్ముడు ఐలెవ్. తోడబుట్టినవాళ్ళలో మిగిలింది వాడొక్కడే. పంతొమ్మిదేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

తగువు పెద్దదేం కాదు. 1933 వసంతంలో వాళ్ళ అమ్మ పోయింది. పాతిపెట్టి వచ్చిన రోజునే ఐలెవ్, "అమ్మ రాట్నం మా సున్నీవకి ఇస్తావా అక్కా?" అని అడిగాడు. సున్నీవ వాడి పెళ్ళాం. దోర్దీ నలుగురి ముందూ, "అమ్మ ఇంకా చల్లారనే లేదు, రాట్నం మీద కన్నేశావా!" అంది. వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతవరకైతే ఏ ఇంట్లోనైనా జరిగేదే, నాలుగు రోజుల్లో సద్దుమణిగేదే.

పదిహేను రోజులకి వాడే పడవ వేసుకుని వచ్చాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. మా ఒడ్డున ఎవరింటికి వెళ్ళినా తలుపు తీసుకుని లోపలికి రావచ్చు, కాని తలుపు దాటగానే అడ్డంగా ఉండే దూలం కింద ఆగాలి. తలుపు పక్కన పీట ఉంటుంది, దాని మీద కూర్చోవచ్చు. బల్ల దాకా వెళ్ళాలంటే ఇంటివాళ్ళు "ముందుకి రా" అనాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటి రెండుసార్లూ వద్దనాలి, మూడోసారికి లేవాలి. పాదిరీ అయినా అంతే, సొంత తమ్ముడైనా అంతే. మూడో పిలుపు లేకుండా లేచి వెళ్ళినవాణ్ణి మా వైపు ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఐలెవ్ వచ్చేసరికి దోర్దీ పొయ్యి మీద జున్ను కోసం పాల తేట కాస్తోంది. పొద్దుటినుంచి మరిగి మరిగి, గోధుమ రంగుకి తిరిగి, గరిటెకి అంటుకునే అదను అది. ఆ పావుగంట చెయ్యి ఆపితే అడుగంటిపోతుంది, ఒక రోజు పాలు మట్టిపాలు. తల తిప్పకుండానే, "ముందుకి రా" అంది. వాడు పద్ధతి ప్రకారం, "ఇక్కడ బాగానే ఉందిలే" అని పీట మీద కూర్చున్నాడు. ఆమె కలుపుతూనే ఉంది. దించాక తీరిగ్గా పిలుద్దాం అనుకుంది. వాడు వానల గురించి ఒక మాటన్నాడు, చేపల గురించి ఒక మాటన్నాడు. తరవాత, "సరే, ఉంటాను మరి" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగేసరికి పీట ఖాళీ.

ఒక్కసారే పిలిచింది, నన్ను రానివ్వడం ఇష్టం లేదు అని వాడు పోయాడు. తలుపు దగ్గరే కూర్చుని పోయాడు, వాడికి ఇంకా కోపం పోలేదు అని ఈమె ఉండిపోయింది. ఆనాటి జున్ను ఏమైందో దోర్దీ ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది ప్రదర్శనకి మాత్రం వెళ్ళలేదు.

1952 మే నెల చివర నిఘంటువు వాళ్ళ దగ్గర్నుంచి కవరు వచ్చింది. ఈసారి కొత్త మాటలు అడగలేదు. దేశమంతా నిత్యం వాడే మాటల జాబితా ఒకటి పంపి, వీటిలో దేనికైనా మీ వైపు పుట్టుక కథ ఉంటే రాయండి, జూన్ ఆఖరులోగా చేరాలి అన్నారు. పదకొండో మాట దోర్‌స్టొక్‌మీల. గడప ఆమడ. ఎంత దూరం ప్రయాణమైనా గడప నుంచి మొదలయ్యే ఆమడే అన్నిటికన్నా పొడుగు అనే అర్థంలో అందరూ అనేదే. మంచులో స్కీలు కట్టుకోవడానికి బద్ధకించేవాణ్ణీ, ఉత్తరం రాయడానికి కూర్చోలేనివాణ్ణీ చూసి అంటారు.

దోర్దీ ఆ కాగితం కిటికీ గూట్లో పెట్టి, దాని మీద కళ్ళజోడు పెట్టి, వెళ్ళి మేకలకి నీళ్ళు పోసి వచ్చింది. వచ్చి మళ్ళీ చదివింది. ఆ మాట తమ ఇంట్లోనే పుట్టిందని వాళ్ళ నాన్న షూర్ దర్జీ చెప్పేవాడు. ఇలా చెప్పుకునే ఇళ్ళు దేశంలో ఇంకో యాభై ఉంటాయని దోర్దీకి తెలుసు. ఉంటే ఉండనీ, వాళ్ళ చీటీలు వాళ్ళు రాసుకుంటారు. నాన్న కథ నాన్నది. అది విన్నవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే మిగిలారు. ఒకరు తను. రెండో నోరు అవతల ఒడ్డున ఉంది.

పక్కింటి మలేనాకి విషయం చెప్పక తప్పలేదు, ఎందుకంటే టపా పడవలో వెళ్ళిన రోజు మేకల్ని ఎవరో ఒకరు చూడాలి. మలేనా ఏభై దాటిన మనిషి, నోరు మాత్రం ఇరవైలోనే ఉంది.

శనివారం దోర్దీ మంచి బట్టలు కట్టుకుంది. మేకపిల్ల ఒకటి కుంటుతోందని ఆగిపోయింది. బుధవారం బూట్లు కూడా తొడుక్కుంది. వాన వచ్చేట్టుందని విప్పేసింది. మళ్ళీ శనివారం సంచీలో చీటీ, పెన్సిలూ, ఒక జున్ను ముక్కా పెట్టుకుని తన గడప మీదే కూర్చుండిపోయింది. పడవ కూత వేసి వెళ్ళిపోయింది.

మలేనా కంచె అవతల నుంచే అరిచింది. "దోర్దక్కా! ఏమిటి, మేకపిల్ల మళ్ళీ కుంటిందా?"

"తల నొప్పిగా ఉంది."

"ఉంటుంది మరి. గడప ఆమడ గురించి రాయడానికి బయల్దేరి గడప మీదే కూర్చుంటే తల నెప్పెట్టదూ? ఎంత దూరం వచ్చావు ఇప్పటికి? అర ఆమడ?"

"నోరు మూసుకోవే."

"మూసుకుంటాను గాని, రెండో నోరు కావాలంటున్నావుగా, నాది పెట్టుకో. మీ నాన్న కథ నాకూ వచ్చు. నువ్వే చెప్పావు పదిసార్లు."

దోర్దీ లేచి నిలబడింది. "నేను చెప్పింది నువ్వు మళ్ళీ చెబితే అది రెండో నోరు ఎలా అవుతుందే? నా నోటికి చిలక అవుతుంది."

"అమ్మయ్య, తలనొప్పి తగ్గింది," అంది మలేనా.

నిజానికి దోర్దీని గడప మీద కూర్చోబెట్టింది బద్ధకం కాదు. అవతల గడప. వెళితే తను దూలం కింద నిలబడాలి. వాడు ఒక్కసారే పిలిస్తే? వాడికి హక్కుంది. ఒక్కసారి పిలిచి ఊరుకున్నాడంటే ఇక ఈ జన్మలో ఆ ఇంటి పొగ చూడ్డానికి కూడా తనకు మొహం ఉండదు. వెళ్ళకపోతే కనీసం పొగైనా చూసుకోవచ్చు. అదీ ఆమె లెక్క.

జూన్ పదకొండు, బుధవారం. ఆ రోజు మలేనా ఏమీ అనలేదు. వచ్చి సంచీ తీసుకుని ముందు నడిచింది. సంచీలో చీటీ ఉంది గనక దోర్దీ వెనకాల నడవక తప్పలేదు.

పడవ మీద అన్ఫిన్ చెయ్యి అందించి ఎక్కించాడు. "ఎక్కడికి పిన్నీ?"

"స్కోర్."

అన్ఫిన్ చుట్ట నోట్లోంచి తీశాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "నేను పుట్టాలని గాలివానలో దాటావట ఈ పాయ. ఈవేళ అలే లేదు, అద్దంలా ఉంది. మరీ తేలికైపోతుందేమో నీకు."

"నువ్వు పుట్టడానికి తొందరపడ్డావు కాబట్టి దాటాను. పడవ చూసి నడుపు."

"నాలుగింటికి వెనక్కొస్తాను. రేవులో ఉంటే ఎక్కించుకుంటాను. లేకపోతే మళ్ళీ శనివారమే."

"ఉంటాను," అంది దోర్దీ. "అరగంట పని."

రేవు నుంచి స్కోర్ ఇంటికి దారి నిటారు ఎక్కుడు. పంతొమ్మిదేళ్ళు దూరం నుంచి చూసిన ఇల్లు దగ్గరకొస్తే చిన్నదిగా ఉంది, రంగు వెలిసి ఉంది. కొట్టంలోంచి సున్నీవ ఆవుతో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. దోర్దీ బూట్ల మట్టి దులుపుకుంది. అప్పటికే దులిపిన బూట్లు మళ్ళీ దులుపుకుంది. తలుపు తోసి, గడప దాటి, దూలం కింద ఆగింది.

ఐలెవ్ కిటికీ దగ్గర అద్దం ముందు నిలబడి గెడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నిండా సబ్బు నురగ. వీపు ఇటుంది. అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి. కత్తి ఆగిపోయింది.

"పని చల్లగా సాగాలి," అంది దోర్దీ. పనిలో ఉన్నవాణ్ణి చూస్తే అనవలసిన మాట అది.

"సాగుతోంది," అన్నాడు వాడు. కత్తి నురగ దులిపి, "ముందుకి రా, అక్కా."

ఒకటి.

"ఇక్కడ బాగానే ఉంది." తలుపు పక్క పీట మీద కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

కత్తి చెంప మీద ఒకసారి దిగింది. గోడ మీద గడియారం మూడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. "మేకలు ఎన్ని?"

"ఇరవై మూడు."

"కొండ మీదికి తోలావా?"

"వచ్చే వారం."

"గడ్డి?"

"పరవాలేదు."

వాడు కత్తిని గిన్నెలో ముంచి తీశాడు. "ముందుకి రా. అక్కడ తలుపు సందులోంచి గాలి కొడుతుంది."

రెండు.

"ఎంతసేపు ఉంటాను గనక. నాలుగింటికి పడవ."

వాడు గెడ్డం కిందికి వచ్చాడు. అక్కడ కత్తి ఉంటే ఎవరూ మాట్లాడలేరు. దోర్దీ గడియారం వంక చూస్తూ కూర్చుంది. కత్తి గెడ్డం దాటింది. వాడు మాట్లాడలేదు. చెవి దగ్గరికి వచ్చింది. మాట్లాడలేదు. ఆనాడు వాడు ఈ పీట లాంటి పీట మీద ఎంతసేపు కూర్చున్నాడో ఇన్నేళ్ళకి మొదటిసారి ఆమెకి కొలత తెలిసింది.

ఐలెవ్ ఇటు తిరిగాడు. చెవి కింద నురగ ఇంకా ఉంది. "మూడోది అనను," అన్నాడు.

దోర్దీ సంచీ పట్టుకుని లేవబోయింది.

"కూర్చో! అన్నానంటే నువ్వు వచ్చి, కాఫీ తాగి, నాలుగింటి పడవెక్కి పోతావు. నీ సంగతి నాకు తెలీదా? ముందు ఎందుకొచ్చావో చెప్పు, అప్పుడంటాను."

ఆమె కాగితం తీసింది. "రాజధాని వాళ్ళు గడప ఆమడ కథ అడిగారు. నాన్నది. రెండో నోరు కావాలి."

ఐలెవ్ మొహం పడిపోయింది. "కాగితం కోసమా?"

"కాగితం కోసమే."

"నేను చచ్చిపోయి ఉంటే?"

"చీటీ వెళ్ళేది కాదు."

"ఓహో. అదీ నీకు వచ్చే నష్టం."

"ఒరే ఐలెవ్," అంది దోర్దీ, "కాగితం రాకపోతే దేన్ని పట్టుకుని రావాలిరా నేను? ఉత్త చేతుల్తో ఎలా రాను?"

వాడు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెవి కింది నురగ మర్చిపోయాడు. "సరే. అడుగు."

"అడగను. అడిగితే నీ నోట్లో పెట్టినట్టు. నువ్వే చెప్పు."

ఐలెవ్ చెప్పాడు. నాన్నకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కత్తెరా, సూదులూ సంచీలో వేసుకుని ఇంటింటికీ తిరిగి బట్టలు కుట్టే రోజులు. చర్చి ఊరి నుంచి రెండు ఆమడల దూరం వానలో నడిచి తాతగారి ఇంటికి చేరాడు. ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ మీగడ జావ తింటున్నారు. తాత ఒకసారి పిలిచాడు. అమ్మమ్మ రెండోసారి పిలిచింది. ఇంతలో జావలో వెన్న ఎక్కువ ఎవరికి పడిందన్న దాని మీద పిల్లలు కొట్టుకున్నారు, దర్జీ సంగతి అందరూ మరిచారు. నాన్న తలుపు పక్కనే తడిబట్టల్తో కూర్చున్నాడు. పొయ్యి దగ్గర పదిహేడేళ్ళ పిల్ల నిలబడి ఉంది. అమ్మ.

"అమ్మ కూడా పిలవలేదు," అన్నాడు ఐలెవ్. "గరిటె పట్టుకుని నేల చూపులు చూస్తూ నిలబడింది. అప్పుడు నాన్నే లేచాడు. ఎవరూ పిలవకుండా. ఆ గది అడ్డంగా నడిచి వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని, 'రెండు ఆమడలు నడిచొచ్చాను, మీ గడప దగ్గర్నుంచి ఇక్కడిదాకా వచ్చిన ఆమడే పొడుగు' అన్నాడు. తాత నవ్వాడు. అక్కడ పుట్టింది మాట. రాసుకో."

దోర్దీ పెన్సిల్ ఎత్తలేదు. "అబద్ధం!"

"ఏమిటి అబద్ధం?"

"అమ్మ పిలిచింది! మూడో పిలుపు అమ్మదే. అందుకే పెళ్ళయింది వాళ్ళకి. పిలవకుండా లేస్తాడా నాన్న? ఆయన పద్ధతి గల మనిషి."

"పద్ధతి గల మనిషే. తడిసి చస్తున్న మనిషి కూడా."

"నీకేం తెలుసురా? నువ్వు చిన్నవాడివి. నాకు అమ్మే చెప్పింది."

"నాకు నాన్నే చెప్పాడు. వల బాగు చేస్తూ చెప్పాడు. అమ్మ సిగ్గుపడి నీకు మార్చి చెప్పింది."

"అమ్మకి సిగ్గా! పాదిరీని వాకిట్లో నిలబెట్టి కడిగేసిన మనిషికి సిగ్గా!"

"పదిహేడేళ్ళప్పుడు ఉంటుంది!"

"ఇలా చూడు," అంది దోర్దీ. "తాతగారి ఇంట్లో పొయ్యి ఎక్కడుండేది? తలుపుకి ఎదురుగా. ఇదిగో, ఇక్కడ. అమ్మ ఇక్కడ నిలబడి ఉంటే, నాన్న ఆ పీట మీద ఉంటే, మధ్యలో బల్ల. బల్ల ఇటుంది. ఆయన ఇటు చూస్తే ముందు కనపడేది ఎవరు? అమ్మ. అమ్మ కళ్ళెత్తి, ఇలా ఈ బల్ల మీద చెయ్యి వేసి, 'ముందుకి రా' అంటే కదా..."

తలుపు తెరుచుకుంది. సున్నీవ పాల బిందె పట్టుకుని గడప దాటి, దూలం కింద అలాగే నిలబడిపోయింది. చూసింది. మళ్ళీ చూసింది. బిందె కింద పెట్టింది.

"వదినా!" అంది. "ఎప్పుడొచ్చావు? ఎవరు పిలిచారు నిన్ను ముందుకి?"

దోర్దీ కిందికి చూసుకుంది. తన చెయ్యి బల్ల మీద ఉంది. కాళ్ళు బల్ల పక్కన ఉన్నాయి. పీట అక్కడెక్కడో తలుపు దగ్గర, దాని మీద సంచీ. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు.

ఐలెవ్ తొడ చరిచాడు. "ఎవరూ పిలవలేదే! నేను రెండే అన్నాను! నాన్న బుద్ధి! ఇప్పుడు చెప్పు అక్కా, పిలవకుండా లేస్తాడా నాన్న అన్నావుగా? నువ్వెలా లేచావో నాన్నా అలాగే లేచాడు!"

దోర్దీ నోరు తెరిచింది. నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని, బల్ల మీద వాలిపోయి, కళ్ళజోడు జారి పడేదాకా నవ్వింది. సున్నీవకి విషయం తెలియకపోయినా ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది. కొంతసేపటికి ఆ నవ్వులో ఏది నవ్వో, ఏది కాదో తెలియకుండా అయ్యింది. దోర్దీ నడుముకి కట్టుకున్న గుడ్డ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఐలెవ్ బల్లకి అవతల కూర్చున్నాడు. "ఆ రోజు నేనూ లేవాల్సింది," అన్నాడు మెల్లిగా. "నాన్నలా. లేవలేకపోయాను. నీ వీపు చూస్తూ కూర్చున్నాను."

"తేట అదను మీద ఉందిరా. దించాక పిలుద్దామనుకున్నాను. తిరిగి చూస్తే నువ్వు లేవు."

"అంత చేసినందుకు జున్నైనా బాగా వచ్చిందా?"

"మాడిపోయింది."

"మాడిందా?"

"నువ్వు తెడ్లు వేసుకుంటూ పోతుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి వెనక్కి చూస్తావేమో అని. నువ్వు మా ఇంటి వైపు తిరిగే కూర్చున్నావు, తెడ్లు వేసేవాడు వదిలొచ్చిన ఒడ్డు వంకే కదా చూస్తాడు. నాకే అంత దూరం నుంచి మొహం కనపడలేదు. ఇంతలో పొగ. ఆ బాన గోకడానికి మూడు రోజులు పట్టింది."

ఐలెవ్ చెవి కింద చెయ్యి పెట్టాడు. నురగ ఎండిపోయి ఉంది. అయినా చాలాసేపు తుడుచుకున్నాడు. "చూస్తూనే ఉన్నాను," అన్నాడు. "కిటికీలో నువ్వున్నావని తెలీదు. పొగ మాత్రం కనపడింది. అక్క ఎంచక్కా వంట చేసుకుంటోంది అనుకున్నాను."

సున్నీవ పలచటి ఎండు రొట్టె, వెన్న, ఉప్పు చేప బల్ల మీద పెట్టింది. దోర్దీ తెచ్చిన జున్ను ముక్క పక్కన పెట్టి, ఒక పొర గీసి మొగుడి నోటికి అందించింది. వాడు నములుతూ కళ్ళు మూసుకున్నాడు. "వెండి పతకం," అన్నాడు.

"మూడు," అంది దోర్దీ.

అప్పుడే రేవు నుంచి పడవ కూత వినిపించింది. నాలుగైంది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"సామాను ఏమైనా ఉందా వదినా?" అంది సున్నీవ, కాఫీ పోస్తూ.

"చీటీ ఉంది."

"చీటీ వెళుతుంది. నువ్వు ఎక్కడికి? వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం జాన్ పండగ మంట. ఇంత ఎత్తున పేరుస్తాడు ఈయన. ఏటా నీ ఒడ్డుకి కనపడాలనే పేరుస్తాడు, అడుగు కావలిస్తే."

"నోరు మూసుకోవే," అన్నాడు ఐలెవ్.

దోర్దీ ఆ మంటలన్నీ చూసింది. ప్రతి ఏడూ, వాకిట్లో నిలబడి. ఆ సంగతి ఆమె అప్పుడు చెప్పలేదు. చెప్పడానికి ఇంకా రోజులున్నాయి కదా అనుకుంది. అలా అనుకున్న క్షణాన భుజాల మీంచి ఏదో దించినట్టయి, కాఫీ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి నాలుక కాల్చుకుంది.

తరవాత చీటీ రాసింది. మాట, అర్థం, పుట్టుక. "ఎవరూ పిలవకుండానే దర్జీ లేచాడు" అని రాసి, కింద రెండో నోరు దగ్గర "ఐలెవ్ స్కోర్, 57, తండ్రి నోట విన్నది" అని రాసింది. ఆ కిందే చిన్న అక్షరాలతో "తల్లి మూడోసారి పిలిచిందని దోర్దీ హెల్లెవిక్, 61, తల్లి నోట విన్నది" అని కూడా చేర్చింది. ఓడిపోయినా కొట్టివేయించుకునే రకం కాదు. రెండు వేల నూట నలభై ఒకటో చీటీ అది. మా పాయలో ఒక్క ఇంటి నుంచి ఒక్క కథకి రెండు నోళ్ళు దొరికిన చీటీ ఇంకొకటి లేదు.

ముగ్గురూ కలిసి రేవుకి దిగారు. అన్ఫిన్ అప్పటికి రెండోసారి కూత వేశాడు. ఉత్తరం అందుకుని, దోర్దీ వెనకాల నిలబడ్డ ఐలెవ్‌ని చూసి, చుట్ట నోట్లోంచి తీయడం మరిచిపోయాడు.

"ఎక్కు పిన్నీ. అరగంట పని అన్నావుగా."

"ఎక్కను. మలేనాకి చెప్పు, జాన్ పండగ మంట చూశాకే వస్తానని, మేకల్ని కొండ మీదికి తోలమని. కుంటి పిల్లని మాత్రం ఇంట్లోనే ఉంచమను. ఇంకోటి. మా అటక మీద అమ్మ రాట్నం ఉంది, దుప్పటి కప్పి. శనివారం పడవలో వెయ్యమను."

"రాట్నమా!" అంది సున్నీవ. "నాకిప్పుడు ఎందుకు వదినా? ఉన్ని దారం కొట్లోనే దొరుకుతోంది."

"తీసుకో," అన్నాడు ఐలెవ్. "అక్క ఇంత దూరం నడిచొచ్చింది పాపం."

పడవ కదిలింది. దోర్దీ లేకుండా. ఆమె రేవు కొయ్య మీద కూర్చుని, నీళ్ళ మీద అవతల ఒడ్డు వంక చూసింది. హెల్లెవిక్ ఇల్లు ఇక్కణ్ణుంచి ఇలా ఉంటుందా అనుకుంది. చిన్నగా, పొగ లేకుండా, ఏమీ తొందర లేకుండా ఉంది.

సాయంత్రం అన్ఫిన్ కబురు చెప్పగానే మలేనా చేతిలో పాలబిందె అక్కడే పెట్టేసి, "ఎన్నిసార్లు పిలిచాడట?" అని అడిగింది. "రెండుసార్లేనట, రేవులో ఐలెవే చెప్పాడు" అన్నాడు అన్ఫిన్. మలేనా ఒక నిమిషం ఆలోచించి, అర్థమై, నవ్వుకుంటూ వెళ్ళి దోర్దీ ఇంటి తలుపు మీద సుద్దముక్కతో రాసిపెట్టింది, వచ్చినవాళ్ళు దూలం కింద నిలబడి ఎదురుచూడకుండా:

ఇంట్లో లేదు. జూన్ 25, బుధవారం, టపా పడవలో వస్తుంది.